చెడ్డ పాత్రకి కావలసిన చెడు ఎక్కడ దొరుకుతుంది?

నరసన్నపేట నుంచి ఒక అమ్మాయి అడిగారు. సంక్రాంతికి వాళ్ళ ఊళ్ళో వేస్తున్న నాటికలో ఆమెకి వడ్డీకి డబ్బులు తిప్పే ఆవిడ వేషం ఇచ్చారట. ఆవిడ బాకీ తీర్చలేక ఒక కుటుంబం ఇల్లు అమ్ముకుని చెన్నై పనులకి వలస పోతుంది. "నేను ఎవర్నీ గట్టిగా కసరను కూడా లేను. డైరెక్టర్ గారేమో ఇంకా క్రూరంగా, ఇంకా క్రూరంగా అంటున్నారు. మనలో లేని చెడుని నటులు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? అదే నాటికలో మంచి టీచరమ్మ వేస్తున్న నా ఫ్రెండ్ తన వేషం చప్పగా ఉందని బాధపడుతోంది. ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఇలాంటివి వేస్తే మన మనసు పాడవుతుందా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. చెడుని ఎక్కడి నుంచీ తెచ్చుకోనక్కర్లేదు, అసలు చెడుని నటించకండి. ఆవిడకి ఏం కావాలి, అది తనకి న్యాయంగా రావలసిందేనని ఆవిడ ఎందుకనుకుంటోంది, ఈ రెండూ పట్టుకోండి. ఆ న్యాయాన్ని మీరు కూడా నమ్మి ఆవిడ పని ఆవిడ చేసినట్టు చెయ్యండి. చెడు చూసేవాళ్ళకి కనబడుతుంది. చేసే మనిషి కంటికి అది ఆ రోజు పని, అంతే. మీ ఫ్రెండ్‌కి చెప్పండి, మంచితనానికి ఆ మనిషి ఏం పోగొట్టుకుంటోందో కనబడనప్పుడే వేషం చప్పబడుతుంది. మూడో ప్రశ్న పెద్దది, చివర్లో చెప్తాను.

నేను విజయనగరంలో ఉంటాను. ముప్పై ఏళ్ళకు పైగా ముఖానికి రంగు వేసుకున్నాను. మా వైపు ఆడ ఆర్టిస్టులకి ఒకే నాటక సమాజం అంటూ ఉండదు. ఇవాళ బొబ్బిలి, రేపు పాలకొండ, ఎల్లుండి టెక్కలి. మగవాళ్ళు నెలల తరబడి రిహార్సల్స్ చేసుకుంటే మేం ఆఖరి రెండు మూడు రోజులకి వెళ్ళి కలుస్తాం. దానివల్ల నాకు ఒక లాభం కలిగింది. చంద్రమతిని నేనొక్కదాన్నే, నా ఎదురుగా నిలబడిన హరిశ్చంద్రులు పాతికమంది దాకా ఉంటారు. ఒకే మంచివాణ్ణి పాతిక మంది ఎలా మోశారో, మూడడుగుల దూరం నుంచి చూశాను.

నాకు ముప్పై దాటని రోజుల్లో సరిగ్గా మీకొచ్చినలాంటి వేషమే వచ్చింది. కళ్ళు పెద్దవి చేశాను. నడుం మీద చెయ్యి, తాళాల గుత్తి ఝళిపించడం, మాట మాటకీ విరుపు. జనం ఈలలు వేశారు. బాగా కుదిరిందనుకున్నాను. మా దర్శకుణ్ణి మేం గురువుగారనే పిలిచేవాళ్ళం. ఆయన ఒకటే అడిగారు. "నువ్వు చూపించిన ఆవిడ దగ్గరికి నువ్వు అప్పుకి వెళ్తావా?" వెళ్ళనన్నాను. "మరి ఊరంతా ఆవిడ గుమ్మంలోనే ఎందుకు నిలబడుతున్నారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన చెప్పగా గంటస్తంభం దగ్గర మార్కెట్ వైపు వడ్డీలకిచ్చే ఒకావిడ అరుగు మీద నాలుగు రోజులు వెళ్ళి కూర్చున్నాను, తెలిసినవాళ్ళ అమ్మాయినని చెప్పుకుని. మూడో రోజు ఒక ముసలాయన వచ్చాడు. ఆవిడ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చింది. కూతురి పురుడు గురించి అడిగింది. ప్రోనోటు మీద తనే స్టాంపు అంటించి, ఆయన ఎడమ బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, ముద్ర వేయించింది. ఆ తర్వాత తన పమిట చెంగుతో ఆ వేలికున్న సిరా మెల్లగా తుడిచింది. "సిరా ఏలుతో ఎల్తే ఈదిలో అందరికీ తెలిసిపోద్ది మావా" అంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడ్డీ నూటికి నెలకి మూడు రూపాయలు.

ఆ వేలు తుడవడాన్ని నేను తర్వాతి ప్రదర్శనలో పెట్టాను. పార్వతీపురంలో. ఈల ఒక్కటి కూడా పడలేదు. అంతకుముందు నాటకం అయ్యాక ఆడవాళ్ళు నవ్వుకుంటూ వచ్చి "భలే గయ్యాళివమ్మా" అని చెయ్యి పట్టుకునేవారు. ఆ మర్నాడు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఒకావిడ నన్ను గుర్తుపట్టి, వెనక్కి వెళ్ళి నిలబడింది. అప్పుడర్థమైంది నాకు, మొదటిసారి ఆ పాత్ర సరిగ్గా వేశానని.

మాస్కోలో నాటకాలకి కొత్త దారి వేసిన స్తానిస్లావ్‌స్కీ (1863–1938) ఒక మాట చెప్పారు. మంచివాణ్ణి వేసేటప్పుడు అతనిలో చెడు ఎక్కడుందో చూడు, చెడ్డవాణ్ణి వేసేటప్పుడు అతనిలో మంచి ఎక్కడుందో చూడు అని ఆ మాట సారాంశం. నటన నేర్పేచోట ఎక్కడికి వెళ్ళినా ఇది వినబడుతుంది. మాట నిజమే. కానీ దాన్ని మనవాళ్ళు తప్పుగా వాడటం చాలాసార్లు చూశాను. విలన్‌ వేసేవాడు మొదటి సీన్లో కుక్కపిల్లకి బిస్కెట్ పెడతాడు, తల్లి ఫొటోకి దణ్ణం పెడతాడు, తర్వాత మామూలుగా అరుస్తాడు. అది అతికించిన మంచి. మంచి అనేది ఆ చెడ్డ పని లోపలే ఉండాలి. ఆవిడ వేలు తుడిచింది చూడండి, ఆ దయ నిజమైనదే. ఆ ముసలాయన పరువు మీద ఆవిడకి నిజంగానే గౌరవం ఉంది. ఆ దయ వల్లే ఆయన మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తాడు, ఆ దయ వల్లే పక్కవాడికి తన బాకీ సంగతి చెప్పుకోడు. దయా వడ్డీ ఒకే చేతిలో ఉన్నాయి. రెండూ విడదియ్యకుండా వెయ్యగలిగితే మీ డైరెక్టర్ గారు ఇంకా క్రూరంగా అని మళ్ళీ అనరు.

దీనికి మీరు చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. ఒక నోటుబుక్కు కొనుక్కుని మీ పాత్ర తాలూకు బాకీల లెక్క మీ చేత్తో రాయండి. ఆ కుటుంబానికి ఇరవై వేలు ఇచ్చిందనుకోండి. మూడు రూపాయల వడ్డీకి నెలకి 600. మూడేళ్ళకి వడ్డీయే 21,600, అసలు అలాగే ఉంటుంది. ఇది మీకు అన్యాయంగా కనబడుతుంది. ఇప్పుడు ఆవిడ వైపు నుంచి రాయండి. "ఆ రోజు రాత్రి ఆసుపత్రిలో పిల్లకి ఆపరేషన్ అంటే బంధువులెవరూ తలుపు తియ్యలేదు. నేను తీశాను. ఆ పిల్ల బతికింది. నా డబ్బు నేనడిగితే తప్పా?" ఈ వాక్యం మీకు నోటికి రావాలి, స్క్రిప్టులో లేకపోయినా. అలాగే ఆవిడ భయమేంటో కూడా రాయండి. మొగుడు పోయి, ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని ఆ వ్యాపారంలోకి దిగి ఉండొచ్చు. రామాయణంలో కైక చూడండి. రాముడి పట్టాభిషేకం అనగానే ముందు సంతోషించి మంథరకి నగ ఇచ్చిన మనిషే. కౌసల్య కింద దాసిలా బతకాల్సి వస్తుందన్న భయం పుట్టాకే వరాలు అడిగింది. నేను కైక వేసినప్పుడు కోపం కోసం ఎప్పుడూ వెతుక్కోలేదు. ఆ భయం ఒక్కటి పట్టుకుంటే మిగతాది దానంతటదే వచ్చేది.

మన నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది చెప్పారు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే బిగుసుకుపోవడం, చెమట, వణుకు, గొంతు మారడం లాంటివి, మనసులోది ఒంటి మీదకి రావడం. కొత్తవాళ్ళు వీటినన్నిటినీ విలన్‌కి పంచేస్తారు. నేను చూసినంతలో చెడుకి అలవాటుపడ్డ మనిషికి ఒళ్ళు వణకదు. ఆవిడ ప్రోనోటు రాసేటప్పుడు అక్షరం ఎంత ముచ్చటగా ఉందో. వణికేది మంచి చెయ్యాల్సి వచ్చినవాళ్ళకే. అందుకని మీ ఫ్రెండ్ వేషం దగ్గరికి వస్తాను.

హరిశ్చంద్రలో కాటిసీను మీకు తెలుసు కదా. కొడుకు శవంతో చంద్రమతి శ్మశానానికి వస్తుంది. కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు సుంకం అడుగుతాడు. భర్తకి తప్ప ఎవరికీ కనబడని మాంగల్యం తనకి కనబడేసరికి, ఆమె తన భార్య అనీ ఆ పిల్లాడు తన బిడ్డే అనీ తెలుస్తుంది. తెలిశాక కూడా సుంకం అడుగుతాడు. నాకెదురు నిలబడిన హరిశ్చంద్రుల్లో ఎక్కువమంది ఆ చోట ఏడుస్తారు, పద్యం ఎత్తుకుని రాగం తీస్తారు. జనమూ ఏడుస్తారు. బాగానే ఉంటుంది. ఒకాయన మాత్రం ఏడవలేదు. తెలియకముందు చాపిన చెయ్యి తెలిశాక కూడా వెనక్కి తియ్యలేదు. అలాగే చాపి ఉంచారు. ఆ చెయ్యి కొద్దిగా వణుకుతోంది, చూపు నా మీదే ఉంది. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. ఈయన మంచితనానికి నేనూ నా బిడ్డా బలైపోయాం, ఇంకా అడుగుతున్నాడే అనిపించింది. మంచివాణ్ణి చూసి భార్యకి భయం వేసిన ఆ క్షణం వల్ల నాకు ఆ నాటకం మొత్తం కొత్తగా తెరుచుకుంది. ఒక మనిషి మాట నిలబెట్టుకుంటే ఆ ఖర్చు ఇంట్లోవాళ్ళు కూడా కడతారు. అది చూపించని హరిశ్చంద్రుడు పటంలో దేవుడిలా ఉంటాడు.

అదే నాటకంలోని నక్షత్రకుడి గురించి రెండు మాటలు. బాకీ కోసం వెంటపడి పీడించేవాణ్ణి ఇప్పటికీ నక్షత్రకుడనే అంటాం. కానీ ఆయన తన కోసం పీడించడం లేదు, గురువు విశ్వామిత్రుడి పని మీద వచ్చాడు. "నాదేముందయ్యా, పైవాళ్ళు చెప్పింది చేస్తున్నా" అనే మనిషిని మనం ఎన్ని ఆఫీసుల్లో చూడం? ఆ వేషానికి అదొక్కటి చాలు.

ఇక కన్యాశుల్కం. 1892లో తొలిసారి ప్రదర్శించింది మన విజయనగరంలోనే. అందులో నా లెక్కన అన్నిటికంటే కష్టమైన వేషం సౌజన్యారావు పంతులుది. గిరీశం చెయ్యడానికి పదిమంది ముందుకొస్తారు, ఈ వేషానికి మాత్రం ఎవరో ఒకర్ని బతిమాలి తేవాలి. ఆయన వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు. చెయ్యని హత్య లుబ్ధావధాన్లు మెడకి చుట్టుకుంది, అతన్ని విడిపించే రహస్యం వేశ్య అయిన మధురవాణికి తెలుసు. ఆమె మగవేషంలో వచ్చి, చెప్పినందుకు ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. ఒక నిరపరాధిని కాపాడాలా, తన నియమం కాపాడుకోవాలా? రెండూ మంచే. అక్కడ బొమ్మలా నిలబడి గంభీరంగా మాట్లాడితే ఆ సీను చచ్చిపోతుంది. నేను మధురవాణి వేసినప్పుడు ఒక సౌజన్యారావు గారు జవాబు చెప్పేముందు ఉత్తరీయం రెండుసార్లు సర్దుకున్నారు, గుటక వేశారు. అంతే. ఆయనకి ఆశ కూడా ఉందని హాలంతటికీ తెలిసిపోయింది. చివరికి ఆమే, చెడనివాళ్ళని చెడగొట్టొద్దన్న తల్లి మాట తలుచుకుని, ఆ ముద్దు వదిలేస్తుంది. లోకం చేత చెడ్డదనిపించుకున్న మనిషి, మంచివాణ్ణి అతని బలహీనత నుంచి కాపాడుతుంది. ఈ సీను గురించి చెప్పమంటే నేను రాత్రంతా చెప్తాను.

మీ టీచరమ్మకి కూడా ఇదే. ఆమె ఆ కుటుంబానికి సాయం చెయ్యాలనుకుంటుంది కదా, ఆమెకేమీ అవసరాలు లేవా? సాయం చేసిన రోజు ఇంట్లో ఎవరు ముఖం ముడుచుకున్నారు? డబ్బు ఇచ్చేముందు ఒక్క క్షణం బ్యాగు జిప్పు మీద చెయ్యి ఆగిందా? ఆ క్షణం ఉంటే వేషం నిలబడుతుంది.

ఒకే మనిషిలో రెండూ పడతాయా అని సందేహం ఉంటే, మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన జె.వి.సోమయాజులు గారిని తలుచుకోండి. ఇక్కడి స్టేజీల మీద తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం, అన్నగారు రామప్పపంతులు. ఆ రామప్పపంతులే 1980లో శంకరాభరణం సినిమాలో శంకరశాస్త్రి అయ్యారు. గొంతు అదే, ఒళ్ళు అదే. పైగా ఆ శంకరశాస్త్రి మెత్తని మనిషేమీ కాదు, కోపిష్ఠి, మొండి. అందుకే మనం నమ్మాం.

ఒక జాగ్రత్త. చెడ్డ మనిషిని లోపలి నుంచి అర్థం చేసుకోవడం వేరు, జనం అతన్ని ముద్దుచేసేలా చెయ్యడం వేరు. గిరీశం విషయంలో ఈ తప్పు జరుగుతూనే ఉంటుంది. ఆ వేషంలో అంత సరదా ఉంది కాబట్టి నటుడు చప్పట్ల వెంట వెళ్ళిపోతాడు, అతని మాటలు నమ్మిన చిన్న వయసు వితంతువు బుచ్చమ్మ జీవితం ఏమవుతుందన్నది హాల్లో ఎవరికీ గుర్తుండదు. దీనికి మందు బుచ్చమ్మ వేసే అమ్మాయి చేతిలో ఉంది. ఆమె నిజంగా నమ్మితే, ఆ నమ్మకం ముఖంలో కనబడితే, గిరీశం ఎంత నవ్వించినా జనానికి లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. రాసేవాడు తన రాత ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడుకి ఉపకారం చేస్తుందో ఆలోచించుకోవాలని రచయిత రావిశాస్త్రి గారు అన్నారు. నటులకీ అది వర్తిస్తుందని నా నమ్మకం. మీ నాటికలో కూడా, ఇల్లు అమ్ముకునే కుటుంబం వేసేవాళ్ళతో కూర్చుని మాట్లాడండి. మీ పాత్ర ఎంత చెడ్డదో చెప్పాల్సింది వాళ్ళ ముఖాలు.

ఇంకొకటి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. విలన్‌కీ, పనిమనిషికీ, నవ్వించేవాడికీ మన ఉత్తరాంధ్ర యాస పెట్టి, మంచివాళ్ళకి మాత్రం పుస్తకాల తెలుగు పెడతారు. మీ నాటికలో ఆ పని జరగనివ్వకండి. వడ్డీ ఆవిడ "ఏటి బావూ" అంటే టీచరమ్మ కూడా తన వీధిలో అలాగే అనాలి. మన ఊళ్ళో దయగల మాటలు కూడా ఆ యాసలోనే పుట్టాయి.

ఇప్పటిదాకా చెప్పింది సాంఘిక నాటికల గురించి. పద్యనాటకం దారి వేరు. అక్కడ రాయబారంలో దుర్యోధనుడు గుసగుసగా మాట్లాడితే ఎవరూ ఒప్పుకోరు, శృతి అందుకోవాలి, మీసం మీద చెయ్యి వెయ్యాలి. ధీరోద్ధతుడు, అంటే గర్వం, ఆవేశం నిండిన నాయకుడు, అంటేనే అంత. కానీ అక్కడ కూడా మంచి దుర్యోధనుడికి లోపల ఒక మాట ఉంటుంది. గుడ్డివాడన్న కారణంతో తన తండ్రికి సింహాసనం దక్కలేదు, తమ్ముడికి పోయింది. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వననడం ఆ గాయంలోంచి వస్తే, పద్యం అదే అయినా వినిపించే తీరు మారుతుంది. ఊరి స్టేజీ మీద, వేలాడదీసిన మైకుల కింద, మీరు కూడా గొంతు మరీ తగ్గించకండి. కోపం తగ్గించండి, మాట మాత్రం చివరి వరసకి వినబడాలి.

మనసు పాడవుతుందా అన్నారు. నాకు జరిగింది చెప్తాను. ఒక నాటికలో నా భర్త వేషం వేసినాయన నా చెయ్యి పట్టి లాగే సీను ఉంది. రిహార్సల్స్‌లో మెల్లగా పట్టుకునేవారు. ప్రదర్శన రోజు గాజులు చిట్లి మణికట్టు తెగేలా పట్టుకున్నారు. రక్తం వచ్చింది, సీను ఆపకుండా పూర్తిచేశాను. తర్వాత ఆయన "పాత్రలో లీనమైపోయానమ్మా" అన్నారు, అదేదో గొప్ప సంగతిలా. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఎదుటి ఆర్టిస్టుకి దెబ్బ తగులుతుందని మర్చిపోయిన మనిషి నటించడం లేదు, ఆ వేషం అడ్డం పెట్టుకుని తన కోపం తీర్చుకుంటున్నాడు. పాత్ర నమ్మాలి, కానీ ఎక్కడ నిలబడ్డాం, చెయ్యి ఎంత బిగించాం, లైటు ఎక్కడుంది, ఇవన్నీ చూసుకునే మనిషి లోపల మేలుకునే ఉండాలి. ఆ మనిషి నిద్రపోకపోతే ఏ చెడ్డ వేషమూ మిమ్మల్ని ఏమీ చెయ్యదు.

అయినా కొంత అంటుకుంటుంది, లేదని అబద్ధం చెప్పను. అత్త వేషాలు వరసగా వేసిన ఒక ఏడాది ఇంట్లో నా మాట కరుకెక్కిందని మా అమ్మాయే చెప్పింది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నాటకం అవ్వగానే ఆ చీరతో ఎవరితోనూ మాట్లాడను. కొబ్బరినూనెతో రంగు తుడిచి, ముఖం కడిగి, నా సొంత చీర కట్టుకుని, స్టేజీ మీద నేను బాధపెట్టిన ఆర్టిస్టు దగ్గరికి వెళ్ళి వాళ్ళ అసలు పేరుతో పిలిచి ఇద్దరం కలిసి టీ తాగుతాం. అప్పుడే ఇంటికి బయల్దేరడం. మీరు ఎవర్నీ కసరలేనంటున్నారు కాబట్టి మీకు ఇంకొంచెం భయం ఉండొచ్చు. మీ చిన్నప్పటి నిజమైన బాధల్ని తవ్వి తీసి ఆ వేషానికి వాడకండి, ఎవరైనా అలా చెయ్యమన్నా వద్దనండి. లెక్కల పుస్తకం, ఆవిడ భయం, ఆవిడ న్యాయం, ఈ మూడూ చాలు.

మీ స్క్రిప్టులో ఆవిడ మొదటిసారి డబ్బు ఇచ్చే సీను ఉందా, లేక బాకీ అడిగే సీన్లే ఉన్నాయా? ఇచ్చే సీను లేకపోతే పెట్టమని డైరెక్టర్ గారిని అడగండి, రెండు నిమిషాలైనా సరే. ఉంటే ఆ పేజీ ఇక్కడ రాయండి, చదివి చెప్తాను.